అమెరికా సంబంధం కుదిరింది సరే, అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుంది?

మన విజయవాడ, గుంటూరు వైపు బయోడేటాల్లో "యూఎస్‌లో సెటిల్డ్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. జీతం ఉంటుంది, ఎత్తు ఉంటుంది, నక్షత్రం పాదంతో సహా ఉంటుంది, పొలం ఎన్ని ఎకరాలో కూడా ఉంటుంది, కానీ అబ్బాయి అక్కడ ఏ కాగితం మీద ఉన్నాడో మాత్రం ఉండదు. ఆ ఒక్క ముక్క వెనకాల కనీసం ఐదు రకాల కుర్రాళ్ళు ఉంటారు. ఎంఎస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నోడు, హెచ్1బీ (కంపెనీ వేయించే ఉద్యోగ వీసా) వచ్చినోడు, హెచ్1బీతో పాటు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినోడు, గ్రీన్ కార్డు ఉన్నోడు, సిటిజన్ అయిపోయినోడు. వీళ్ళలో ఎవర్ని చేసుకుంటే పిల్లకి ఏ వీసా వస్తుందనేది మొత్తం వేరు వేరు కథ.

అమ్మాయి తరఫు వాళ్ళు అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "పెళ్ళైన ఎన్నాళ్ళకి వెళ్తుందండీ?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది, వెళ్ళాక అక్కడ ఉండే హక్కు, పని చేసుకునే హక్కు ఆమె చేతిలో ఉంటుందా, లేక అతని ఉద్యోగానికి వేలాడుతూ ఉంటుందా అని. ఎందుకంటే త్వరగా పంపించే వీసాలన్నీ రెండో రకం, మొదటి రకం కావాలంటే ఆగాలి. ఈ బేరం ఏంటో తెలిసి ఒప్పుకుంటే గొడవ లేదు, తెలియకుండా వెళ్ళి అక్కడ ఇంట్లో కూర్చుని తెలుసుకుంటేనే బాధ.

ముందు హెచ్4 చెప్తా, మనోళ్ళు ఎక్కువగా వెళ్ళేది దీని మీదే. అబ్బాయికి హెచ్1బీ ఉంటే భార్యకి హెచ్4. దీనికి ముందుగా పిటిషన్లు గట్రా ఏం వేయక్కర్లేదు. పెళ్ళి సర్టిఫికెట్, అతని ఐ-797 (హెచ్1బీ అప్రూవల్ నోటీసు) కాపీ, పే స్లిప్పులు, పెళ్ళి ఫోటోలు, డీఎస్-160 ఫారం (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు), 205 డాలర్ల ఫీజు, హైదరాబాద్‌లో వేలిముద్రలు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, అంతే. స్లాట్ దొరికితే కొన్ని వారాల్లో తేలిపోద్ది. దొరక్కపోతే మాత్రం చెప్పలేం, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళ సోషల్ మీడియా కూడా చూడటం మొదలుపెట్టారు, అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమన్నారు, ఆ దెబ్బకి అప్పటికే బుక్ అయిన అపాయింట్‌మెంట్లు చాలా 2026లోకి జరిగిపోయాయి. పెళ్ళి చేసుకుని పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కూడా కొట్టించుకుని పోదామని రెండు మూడు వారాల సెలవు మీద వచ్చే కుర్రాళ్ళు ఇప్పుడు ఈ లెక్క కూడా చూసుకుని టికెట్ తీసుకోవాలి.

సరే వెళ్ళింది. హెచ్4 మీద చదువుకోవచ్చు, ఫుల్ టైమ్ కాలేజీలో చేరొచ్చు, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోవచ్చు. పని మాత్రం చేయకూడదు. ఇక్కడ ఆటోనగర్‌లో వాళ్ళ నాన్న కంపెనీ లెక్కలు చూసిన పిల్లైనా, బెంగళూరులో టీమ్ లీడ్‌గా చేసిన పిల్లైనా అక్కడ దిగగానే జీతం సున్నా. పని చేయాలంటే ఈఏడీ కార్డు (వర్క్ పర్మిట్) కావాలి, అది హెచ్4 వాళ్ళకి ఇవ్వడం మొదలైంది 2015 మే 26 నుంచి, అది కూడా అందరికీ కాదు, భర్తకి ఐ-140 అప్రూవ్ అయ్యుండాలి, లేదా ఆ గ్రీన్ కార్డు ప్రాసెస్ పుణ్యమా అని హెచ్1బీకి మామూలుగా ఉండే ఆరేళ్ళు దాటి పొడిగింపు వచ్చి ఉండాలి. కాబట్టి సంబంధం మాట్లాడేటప్పుడు "హెచ్1బీనా" అని అడిగి ఆగిపోకండి, "ఐ-140 అయిందా" అని కూడా అడగండి. జీతం అడగడానికి మొహమాటపడని మనం ఇది అడగడానికి ఎందుకు మొహమాటపడాలో నాకర్థం కాదు. రెండు హెచ్1బీ సంబంధాలు పైకి ఒకేలా ఉంటాయి, ఒకదాంట్లో పిల్ల వెళ్ళిన కొన్ని నెలలకి ఉద్యోగంలో చేరుద్ది, ఇంకోదాంట్లో అతని కంపెనీ గ్రీన్ కార్డు ఫైల్ చేసేదాకా ఎదురు చూస్తూ కూర్చుంటుంది, తేడా అంతా ఆ ఒక్క ఫారంలో ఉంది.

ఈఏడీ వచ్చాక కూడా ఒక మెలిక ఉంది. ఇదివరకు రెన్యువల్‌కి టైమ్‌లో అప్లై చేస్తే పాత కార్డు మీదే 540 రోజుల వరకు పని చేసుకోనిచ్చేవాళ్ళు, 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఆ వెసులుబాటు తీసేశారు, కొత్త కార్డు చేతికి రాకముందే పాతది అయిపోతే ఉద్యోగం ఆపాల్సిందే. ఇంకోటి, అతని ఉద్యోగం పోయి హెచ్1బీ పోతే హెచ్4 కూడా దాంతోపాటే పోద్ది, విడాకులైనా అంతే. ఇంట్లో హింస ఉంటే హెచ్4 మీదున్న భార్య (భర్తైనా సరే) భర్త సంతకంతో పని లేకుండా సొంతంగా వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే దారి అమెరికా చట్టంలో ఉంది, ఇది మన పిల్లలకి చాలామందికి తెలియదు, విమానం ఎక్కించే ముందే చెప్పి పంపించండి.

హెచ్4 మీద వెళ్ళిన అమ్మాయి అలాగే ఉండిపోవాలని లేదు. హెచ్1బీలకి మార్చిలో తీసే లాటరీలో సొంతంగా పేరు వేయించుకోవచ్చు, అక్కడే ఎంఎస్‌లో చేరి ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారొచ్చు. హెచ్4లో గడిపిన ఏళ్ళు హెచ్1బీ ఆరేళ్ళ లెక్కలోకి రావు కూడా. నా ఉద్దేశంలో ఐ-140 లేని హెచ్1బీ సంబంధం అయితే, వెళ్ళేముందే చదువు ప్లాన్ ఒకటి పెట్టుకుని వెళ్ళడం మంచిది. అన్నట్టు ఇవన్నీ అటూ ఇటూ ఒకటే, అమ్మాయి హెచ్1బీ అయితే అబ్బాయి హెచ్4 మీద వెళ్తాడు. ఈమధ్య అలాంటి సంబంధాలు మన దగ్గరా కుదురుతున్నాయి, ఆ మాట మాత్రం బంధువుల్లో ఎవరూ పైకి చెప్పుకోరు.

ఓపీటీ కుర్రాడి సంగతి తొందరగా చెప్పేస్తా. అతను ఇంకా ఎఫ్1 మీదే ఉన్నట్టు లెక్క, భార్యకి వచ్చేది ఎఫ్2. పని లేదు, ఫుల్ టైమ్ చదువు కూడా లేదు. ఓపీటీ ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో రెండేళ్ళు, ఈలోపు లాటరీలో పేరు రావాలి. నేనైతే హెచ్1బీ వచ్చాకే ముహూర్తం పెట్టుకోమంటా. దీనికి పూర్తి రివర్స్ ఎల్1 వాళ్ళు, అంటే ఇక్కడ కంపెనీ నుంచి అదే కంపెనీ అమెరికా ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళినోళ్ళు. వీళ్ళ భార్యలకి ఎల్2 వస్తుంది, 2021 నవంబర్ నుంచి ఎల్2 మీదున్న భార్య లేదా భర్త విడిగా ఈఏడీ తీసుకోకుండానే పని చేసుకోవచ్చు. బయోడేటాలో ఎల్1 అని చూసి చిన్నచూపు చూస్తారు గానీ పిల్ల ఉద్యోగం వరకు చూస్తే హెచ్1బీ కన్నా ఇదే నయం.

ఇప్పుడు అసలు చిక్కుముడి, గ్రీన్ కార్డు. మనోళ్ళు గ్రీన్ కార్డు సంబంధం అంటే ఎగిరి గంతేస్తారు, హెచ్1బీ కన్నా పెద్దది కదా అని. పిల్లని పంపించే విషయంలో అది ఒక్కోసారి హెచ్1బీ కన్నా ఘోరం. ఎందుకో చెప్తా. గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజు అతని హెచ్1బీ ముగిసినట్టే, అది పోతే హెచ్4 అనేదే ఇక లేదు. గ్రీన్ కార్డు వచ్చాక పెళ్ళి చేసుకుంటే భార్య కోసం ఐ-130 అనే పిటిషన్ వేసి ఎఫ్2ఏ అనే క్యూలో నిలబడాలి, అది కోటా ఉన్న క్యూ. 2019 నుంచి కొన్నేళ్ళు ఖాళీగా ఉంది, అప్పుడు చేసుకున్నోళ్ళు అదృష్టవంతులు, 2023 ఏప్రిల్‌లో మళ్ళీ మూసుకుపోయింది. ఇప్పుడు ఎంత ఆగాలనేది అమెరికా విదేశాంగ శాఖ నెల నెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో తేదీ చూసుకోవడమే. ఏళ్ళలో లెక్క పెట్టుకోండి, నెలల్లో పెట్టుకోకండి. ఒక ఊరట ఏంటంటే ఈ క్యూలో ఎక్కువ వీసాలకి దేశాలవారీ పరిమితి లేదు, అందుకే ఉద్యోగం గ్రీన్ కార్డుల్లో ఇండియాకి ఉన్నంత దారుణమైన వెయిటింగ్ ఇక్కడ ఉండదు. ఈలోపు టూరిస్ట్ వీసా మీద పోయొద్దామంటే, గ్రీన్ కార్డుకి అప్లై చేసిన మనిషి తిరిగొస్తుందా అని ఆఫీసర్‌కి డౌటు, ఇవ్వడం కష్టం. అంటే పెళ్ళైపోయి, అత్తారింటికి సారె కూడా పోయాక, పిల్ల లబ్బీపేటలో పుట్టింట్లో, అల్లుడు డల్లాస్‌లో.

అదే పెళ్ళి గ్రీన్ కార్డు రావడానికి ముందు జరిగితే? మొత్తం మారిపోద్ది. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు వచ్చేవాళ్ళకి, అది అప్రూవ్ అయ్యే రోజుకి చట్టప్రకారం పెళ్ళైన భార్య ఉంటే, ఆమెకి కూడా అదే కేటగిరీలో, అదే ప్రయారిటీ డేట్ (క్యూలో అతని చోటు చెప్పే తేదీ) మీద గ్రీన్ కార్డు వస్తుంది. వేరే ఐ-130 అక్కర్లేదు, ఎఫ్2ఏ క్యూ అక్కర్లేదు. ఆమె అప్పటికే హెచ్4 మీద అక్కడ ఉంటే, డేట్ కరెంట్‌గా ఉన్నప్పుడు, అంటే క్యూలో వంతు వచ్చినప్పుడు, ఐ-485 (అక్కడే ఉండి గ్రీన్ కార్డుకి వేసే దరఖాస్తు) తనూ వేసుకుంటుంది. ఇక్కడే ఉంటే ఐ-824 అనే ఫారంతో వెనకాలే వచ్చే దారి ఉంది, ఫాలో టు జాయిన్ అంటారు. ఈలోపు డేట్ వెనక్కి జరిగితే కొన్నాళ్ళు ఆగాల్సి రావచ్చు, అయినా క్యూ చివర్నుంచి మొదలుపెట్టడం కాదు కదా.

కాబట్టి పెళ్ళి ఒక్క రోజు ముందా వెనకా అనేది ఏళ్ళ తేడా తెస్తుంది. ఇండియా ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక కేటగిరీ) క్యూ 2025 చివరికి కూడా 2013 ప్రయారిటీ డేట్ల దగ్గరే ఉంది, అంటే ఇప్పుడు గ్రీన్ కార్డు దగ్గరపడ్డ ఈబీ-2 కుర్రాళ్ళు చాలావరకు ముప్పై ఐదు దాటినోళ్ళు, ఇన్నాళ్ళు పెళ్ళి వాయిదా వేసినోళ్ళో, రెండో పెళ్ళి వాళ్ళో అవుతారు. అలాంటి సంబంధం వచ్చి "ఇంకో ఆర్నెల్లలో గ్రీన్ కార్డు వచ్చేస్తుంది, వచ్చాక చేద్దాం" అని వాళ్ళవైపు పెద్దలు అంటే, సరేనని తలాడించకండి. మూఢం ఉంది, శూన్యమాసం ఉంది అంటే అర్థం చేసుకుంటాం, కానీ ఈ ఒక్క విషయంలో పురోహితుడి కన్నా ముందు లాయర్ని అడగాలి.

ఇది తెలిసినోళ్ళు వేసే ఎత్తు ఇంకోటుంది. "ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్ తీసేసుకుందాం, అసలు పెళ్ళి వైశాఖంలో ఘనంగా చేద్దాం" అని. ఇక్కడ జాగ్రత్త. హిందూ వివాహ చట్టంలో రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్ళికి రుజువు, రిజిస్ట్రేషనే పెళ్ళి కాదు. సప్తపది లాంటి ఆచారం ఏదీ జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది, వీసాల కోసం ఇలా ముందే రిజిస్టర్ చేయించుకోవడం గురించి ఆ తీర్పులోనే ప్రస్తావించింది కూడా. కాబట్టి ముందుగా కాగితం కావాలంటే మంగళగిరిలోనో ఇంకే గుళ్ళోనో పదిమంది మధ్య నిజంగా పెళ్ళి చేసి, తలంబ్రాలు, ఏడడుగులు అన్నీ అయ్యాక ఆ తేదీతో రిజిస్టర్ చేయించండి, తర్వాత ఫంక్షన్ హాల్లో ఎంత పెద్ద రిసెప్షన్ పెట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. లేదంటే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది, అందులో రిజిస్ట్రార్ ముందు చేసుకునేదే పెళ్ళి, కానీ 30 రోజుల నోటీసు ఉంటుంది, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండి ఉండాలి. అమ్మాయి గుంటూరులోనే ఉంటే ఆ షరతు తీరిపోద్ది, మూడు వారాల సెలవు మీద వచ్చిన అబ్బాయికే ఆ నెల రోజులు కుదరవు. వీడియో కాల్‌లో తాళి కట్టడం లాంటివి అసలు పెట్టుకోకండి, ఇద్దరూ ఒక చోట లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తర్వాత కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా ఇమిగ్రేషన్ లెక్కలోకి తీసుకోదు.

సిటిజన్ సంబంధం అయితే రెండు దార్లు, చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఒకటి పెళ్ళి చేసుకుని ఐ-130 వేసి తీసుకెళ్ళడం, సీఆర్1 అంటారు, వీసా మీద దిగే రోజుకి పెళ్ళై రెండేళ్ళు దాటితే ఐఆర్1. సిటిజన్ భార్యకి కోటా లేదు, క్యూ లేదు, కాగితాలు తిరగడానికి పట్టే టైమే, అది కూడా ఏడాది పైమాటే. కానీ దిగిన రోజు నుంచే గ్రీన్ కార్డు హోల్డర్, మర్నాడే ఉద్యోగంలో చేరొచ్చు. సీఆర్1లో ఇచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు, అది అయిపోయే ముందు 90 రోజుల్లోపు ఇద్దరూ కలిసి ఐ-751 (ఆ షరతులు తీసేయమనే దరఖాస్తు) వేయాలి, కాపురం సరిగ్గా లేకపోతే ఆమె ఒక్కతే వేసుకునే మినహాయింపులు కూడా ఉన్నాయి. ఐఆర్1లో ఆ గొడవ లేదు, నేరుగా పదేళ్ళ కార్డు.

రెండోది కే1, ఫియాన్సే వీసా. పెళ్ళి కాకుండా వెళ్ళి, దిగిన 90 రోజుల్లో అక్కడ పెళ్ళి చేసుకుని, అప్పుడు గ్రీన్ కార్డుకి వేసుకోవడం. సిటిజన్లకి మాత్రమే ఉంది, గ్రీన్ కార్డు వాళ్ళకి లేదు. పిటిషన్ వేసే ముందు రెండేళ్ళలో ఇద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలి. త్వరగా అయిపోద్దని కొందరు ఇటు లాగుతారు. నాకైతే మన ఇళ్ళకి ఇది అస్సలు పొసగని వీసా. ఎందుకంటే వీసా చేతికొచ్చి ఆమె అక్కడ దిగేదాకా పెళ్ళి కాకూడదు, మరి మనకి నిశ్చితార్థమే సగం పెళ్ళిలా ఉంటుంది, దండలు మార్చుకుని, పట్టుబట్టలు పెట్టి, ఐదొందల మందికి భోజనాలు పెట్టి, స్టేజీ మీద ఫోటోలు దిగుతాం, ఆ ఆల్బమ్ చూసిన ఆఫీసర్ "మీకు పెళ్ళైపోయింది కదా" అంటే ఏం చెప్తారు? పెళ్ళైందని వాళ్ళు నమ్మితే కే1 రాదు, మళ్ళీ మొదట్నుంచి ఐ-130. పైగా వెళ్ళి అక్కడ పెళ్ళి చేసుకున్నాక, ఐ-485 వేసి అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి అనుమతి) వచ్చేదాకా దేశం దాటకూడదు, అంటే ఇక్కడ అమ్మమ్మలూ తాతయ్యలూ చూసే పెళ్ళి ఎప్పటికో. ఖర్చు కూడా చూడండి, 2024 ఏప్రిల్ ఫీజుల ప్రకారం కే1కి పిటిషన్ 675, వీసా 265, ఐ-485 1440, మొత్తం 2380 డాలర్లు. సీఆర్1కి ఆన్‌లైన్‌లో ఐ-130 వేస్తే 625, తర్వాత వీసాకి 325, స్పాన్సర్ కాగితాలకి 120, చివర్లో కార్డు కోసం 235, మొత్తం 1305. పెళ్ళి ఎలాగూ ఇక్కడే చేద్దామనుకునే ఇంటికి సీఆర్1 తప్ప వేరే ఆలోచనే వద్దంటాను.

మూడోది దారి కాదు, గుంట. "టూరిస్ట్ వీసా ఉంది కదా, పంపించేయండి, అక్కడే పెళ్ళి చేసి కన్వర్ట్ చేసేద్దాం" అనే సలహా ఇచ్చే బాబాయి ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు. వెళ్ళేటప్పుడే అక్కడ ఉండిపోయే ఉద్దేశం పెట్టుకుని, ఆఫీసర్‌కి చూసి వస్తానని చెప్పి దిగితే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. దిగిన 90 రోజుల్లోపు పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోతే ముందే ప్లాన్ చేశారని అనుమానించడానికి విదేశాంగ శాఖకి రూలే ఉంది. అబద్ధం చెప్పారని తేలితే పడే నిషేధానికి గడువు అంటూ ఉండదు, మినహాయింపు అడుక్కోవాలి. బాబాయి ఏమో పెళ్ళి భోజనం చేసి వెళ్ళిపోతాడు.

యూకే వైపు ఒక్క మాట, ఈమధ్య మన పిల్లలు అటూ ఎక్కువే వెళ్తున్నారు కదా. అక్కడ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న అబ్బాయి భార్య డిపెండెంట్‌గా వెళ్తే దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, ఈ విషయంలో హెచ్4 కన్నా చాలా మెరుగు. కానీ చదువుకోడానికి వెళ్ళినోళ్ళు 2024 జనవరి నుంచి రీసెర్చ్ కోర్సులైతే తప్ప భార్యని తీసుకెళ్ళలేరు, కేర్ వర్కర్లకి 2024 మార్చి 11 నుంచి ఆపేశారు. బ్రిటిష్ సిటిజన్ భార్యగా వెళ్ళాలంటే ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు చూపించాలి, 2024 ఏప్రిల్‌కి ముందు అది 18,600 ఉండేది.

ఏ రూటైనా చివరికి కాగితాల దగ్గరే ఆగేది. మన దగ్గర మూడు చోట్ల తేడా కొడుతుంది. మొదటిది ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇనీషియల్‌తో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడిద్ది, ఇక అక్కడ లైసెన్స్ మీద, బ్యాంక్ కార్డు మీద అదే పేరు. పెళ్ళికి ముందే పాస్‌పోర్టు సరి చేయించండి.

రెండోది పెళ్ళి తేదీ. మనకి సగం ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకే. శుభలేఖలో "శుక్రవారం రాత్రి 2-40 గంటలకు, తెల్లవారితే శనివారం" అని వేస్తారు, తేదీ మాత్రం శుక్రవారంది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. క్యాలెండర్ ప్రకారం అది శనివారం పెళ్ళి. సర్టిఫికెట్‌లో ఒకటి, డీఎస్-160లో ఇంకోటి, అమ్మాయి నోటివెంట మూడోది వస్తే కౌంటర్ దగ్గర అనవసరమైన ప్రశ్నలు. రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేముందే ఏ తేదీ వేయాలో ఇద్దరూ ఒక మాట అనుకుని, ప్రతి ఫారంలో అదే రాయండి.

మూడోది పుట్టిన సర్టిఫికెట్, ఇది గ్రీన్ కార్డు, సిటిజన్ రూట్ల వాళ్ళకి. తొంభైల్లో నర్సింగ్ హోముల్లో పుట్టిన పిల్లలకి చాలామందికి మున్సిపల్ సర్టిఫికెట్‌లో పిల్ల పేరు గడి ఖాళీగానే ఉంటుంది, అప్పటికి బారసాల అయ్యుండదు కదా. కార్పొరేషన్‌లో అడిగి పేరు ఎక్కించుకోవాలి, రికార్డే లేదంటే లేదని రాసిచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు తల్లిదండ్రుల అఫిడవిట్లు, టెన్త్ మెమో. ఇది ఇంటర్వ్యూ లెటర్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు, ఐ-130 వేసిన వారమే మొదలుపెట్టండి. పోలీస్ క్లియరెన్స్ మాత్రం పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి చివర్లో తీసుకోవచ్చు, ముందే తీస్తే పాతబడిపోద్ది. ఇంకో సంగతి, ఈ ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు హైదరాబాద్‌లో కాదు, ముంబైలో జరుగుతాయి, కే1 కూడా అక్కడే, కాబట్టి నానక్‌రామ్‌గూడ దగ్గర్లో ఉన్న మేనత్త ఇంట్లో దిగొచ్చులే అనుకునేవాళ్ళు టికెట్ ముంబైకి తీయండి.